విభాగాధిపతి తరఫున

మా కంపెనీలో మనుషులు నిలవరు. పొద్దున చేరి, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి, నాలుగు ముద్దలు తిని, మూత పెట్టేసి గేటు దాటి వెళ్ళిపోయినవాళ్ళను ఇద్దరిని నా కళ్ళతో చూశాను. మేము కళ్ళద్దాలకు లెన్సులు తయారుచేస్తాం. నాది తనిఖీ గది. ఎనిమిది గంటలు దీపం ముందు కూర్చుని, ఒక్కో లెన్సునూ నల్ల అట్టకు ఎదురుగా పట్టుకుని, గీత ఉందా, బుడగ ఉందా, పూత మసకబారిందా అని చూడాలి. పనికిరానిదాని మీద ఎర్ర పెన్సిలుతో అడ్డంగా కొట్టేయాలి. సాయంత్రం ఇంటికెళితే కట్టుకున్నవాడి ముఖంలో కూడా లోపాలే కనిపిస్తాయి. ఇంతమందికి చూపునిచ్చే కంపెనీ మా కళ్ళకు ఏడాదికొక్క పరీక్ష చేయించదు.

ఎందుకు నిలవరో గేటు దగ్గర కాపలా ఆయన్ని అడిగినా చెబుతాడు. జీతం పెరగదు, పని పెరుగుతుంది, ఇస్తామన్నది నోటిమాటగానే మిగిలిపోతుంది. కానీ పెద్దవాళ్ళు ఏసీ గదిలో తలుపులేసుకుని మూడు రోజులు చర్చించి కనిపెట్టిన కారణం వేరు. మన వెబ్‌సైట్ బాగోలేదట!

బాగుండేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. తెరవగానే బిల్డింగు ఫోటో, దాని ముందు ఎప్పుడో అమ్మేసిన వ్యాను, కింద ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తే స్వాగతం. "ఉద్యోగాలు" అన్నచోట నొక్కితే "త్వరలో" అని వచ్చేది. ఏడేళ్ళుగా త్వరలోనే ఉంది. దాన్ని చూసి ఎవరొస్తారు, వచ్చినవాళ్ళు ఎందుకుంటారు అని హెచ్చార్ మేడమ్ అందట. రావడం సంగతి సరే, ఉండడానికీ వెబ్‌సైటుకీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

దాన్ని మార్చడానికి బయట నుంచి ఒక డిజైనర్ని పిలిపించారు. ముప్పై ఐదేళ్ళుంటాయి, జుట్టు వెనక్కి లాగి చిన్న పిలక కట్టుకునేవాడు. మొదటిరోజే మా గదిలో అతనికి పిలకబాబు అని పేరు పడిపోయింది. పేర్లు పెట్టడంలో మాకు ఆలస్యం ఉండదు. నా అసలు పేరు అక్కడ సగం మందికి తెలీదు. నేను చూసి పంపిన ట్రేలో పెట్టే చీటీ మీద నా నంబరు పద్నాలుగు, అందుకని నేను పద్నాలుగక్కని. నాకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు.

పంతొమ్మిదేళ్ళ కిందట ప్యాకింగులో చేరాను. అక్కడ ఆరేళ్ళు, తనిఖీలో పదమూడేళ్ళు. ఏడాదిన్నర కిందట మా విభాగాధిపతి ముసలాయన రిటైరయ్యాడు. వెళ్ళేరోజు టీ తాగుతూ "రేపట్నుంచి నువ్వే చూసుకో" అన్నాడు. పైవాళ్ళు కూడా "ప్రస్తుతానికి చూసుకోండి" అన్నారు. ఎవరికి ఏ ట్రేలు ఇవ్వాలో చెప్పేది నేను, పూత గదివాళ్ళతో పోట్లాడేది నేను, సరుకు వెనక్కొస్తే తిట్లు తినేది నేను. రోజువారీ రిపోర్టు కింద సంతకం చేసేచోట "విభాగాధిపతి" అని అచ్చేసి ఉంటుంది. మొదటిరోజు అక్కడ సంతకం చేయబోతే హెచ్చార్ మేడమ్ నా చెయ్యి ఆపింది.

"మీరు అధిపతి కాదు కదండీ. పక్కన 'తరఫున' అని రాసి చేయండి," అంది.

అప్పట్నుంచి లేని మనిషి తరఫున రోజూ సంతకం చేస్తున్నాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. వాళ్ళు నయం, పుట్టని ఆ సోమలింగం తరఫున ఎవరూ సంతకాలు పెట్టలేదు.

నాకు ఆ పోస్టు కావాలి. దాపరికం ఎందుకు, గట్టిగానే కావాలి. జీతం కోసం సగం, ఆ అచ్చు అక్షరాల మీద "తరఫున" లేకుండా ఒక్కసారి సంతకం చేయడం కోసం సగం.

పిలకబాబు మూడు రోజులు మా గదిలోనే ఒక మూల స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఉద్యోగుల కథలు పెడితే చూసేవాళ్ళకు నమ్మకం కుదురుతుందని అతని వాదన. నా దగ్గరికొచ్చి, "ఇక్కడ మీకు ఏం నచ్చుతుందమ్మా?" అని అడిగాడు.

"జీతం పడేరోజు."

"అది రాయలేనమ్మా," అని నవ్వాడు. "ఇంకేదైనా చెప్పండి."

చెప్పాను. లెన్సును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పుతుంటే దాని మీద వెలుగు జారుతుంది. జారుతూ జారుతూ ఒకచోట తడబడుతుంది. అక్కడ గీత ఉందన్నమాట. మనం వెతకక్కర్లేదు, ఓపిగ్గా తిప్పితే అదే బయటపడుతుంది. అది పట్టుకున్నప్పుడు నాకు లోపల ఎక్కడో చల్లగా ఉంటుంది. ఈ మాటలు చెబుతుంటే పిలకబాబు రాయడం ఆపేసి నా చేతివేళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ళలో నన్ను ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతను. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మూడు వారాల తర్వాత ఒక సోమవారం కొత్త సైటు మొదలైంది. క్యాంటీన్లో ప్యాకింగు అమ్మాయి ఫోను పట్టుకుని నా మీదికి పరుగెత్తుకొచ్చింది.

"పద్నాలుగక్కా! ఎంత గుట్టు! మాటవరసకైనా చెప్పలేదేంటి?"

తెర నిండా నేనే. చేతిలో లెన్సు, ముఖం మీద దీపం వెలుగు. కింద నేను చెప్పిన మాటలు పొల్లు పోకుండా ఉన్నాయి. ఫోటో కింద పెద్ద అక్షరాలతో రెండు లైన్లు. "ప్యాకింగులో మొదలుపెట్టారు. నేడు తనిఖీ విభాగాధిపతి."

ఇక్కడ మీరు నన్ను చూసి నవ్వకూడదు. కాగితం లేకుండా, ఎవరూ పిలిచి చెప్పకుండా, వెబ్‌సైట్ చూసి ప్రమోషన్ వచ్చిందనుకునే పిచ్చిది ఎవరైనా ఉంటుందా అంటారు. మా కంపెనీలో ఉంటుంది. మా దగ్గర ఏ సంగతైనా ముందు గాల్లో వస్తుంది, కాగితం తర్వాత వస్తుంది. నన్ను ప్యాకింగు నుంచి తనిఖీకి మార్చినప్పుడు ఆ ముక్క నాకు చెప్పింది క్యాంటీన్లో టీ పోసేవాడు. ఆర్డరు నాలుగు నెలల తర్వాత అందింది. ముసలాయనకు రిటైర్మెంటు తేదీ కాపలా ఆయన ద్వారా తెలిసింది. అలాంటిచోట కంపెనీ సొంత వెబ్‌సైట్లో, లోకమంతా చూసేలా రాశారంటే అంతకంటే గట్టి కబురు ఏముంటుంది? పూత గదిలో నాతో ఏడాదిగా మాటల్లేని మనిషి కూడా వచ్చి చెయ్యి కలిపాడు. నేనూ కలిపాను.

ఇంటికెళ్ళి చెప్పాను. మా ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. ఆ రోజు బస్సు కడుగుతూ తడిచేతులతోనే ఫోను అందుకుని, ఆ పేజీని చుట్టాలందరికీ పంపేశాడు. కింద "మా ఆవిడ" అని రెండే మాటలు రాశాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో అంత ప్రేమగా ఆయన నా గురించి ఎక్కడా రాయలేదు, ఆ మాటకొస్తే ఏమీ రాయలేదు.

మా అత్తగారు కళ్ళద్దాలు సరిచేసుకుని ఫోటోను దగ్గరగా చూసింది.

"జీతం ఎంత పెంచారే?"

"ఇంకా చెప్పలేదత్తయ్యా. కాగితం రావాలి."

"అయితే నువ్వింకా అధిపతివి కాలేదు," అని ఫోను తిరిగిచ్చేసింది.

ఆవిడ నోరు మంచిది కాదు. బుర్ర మాత్రం మంచిదే. ఆ పూట నాకు ఒళ్ళు మండింది కానీ, ఇంటిల్లిపాదిలో సరిగ్గా చూసింది ఆవిడొక్కతే. తర్వాత మా ఆడపడుచు ఫోన్ చేసి, "మా తమ్ముడు స్టీరింగు దగ్గరే ఉండిపోయాడు కానీ నువ్వు పైకెక్కేశావు మరదలా," అంది. పొగడ్తలో పుల్లవిరుపు కలపడం వదిన దగ్గరే నేర్చుకోవాలి. అయినా నాకు ఆ రోజు అదీ తియ్యగానే ఉంది.

పది రోజులు చూశాను. పదకొండో రోజు హెచ్చార్ మేడమ్ గదికి వెళ్ళాను. ఆమె నాకంటే పన్నెండేళ్ళు చిన్న, మర్యాదగా కుర్చీ చూపించింది.

"మేడమ్, నా ఆర్డరు ఎప్పుడొస్తుంది?"

"ఏ ఆర్డరండీ?"

నేను ఆమె కంప్యూటరు వైపు చూపించాను. ఆ పేజీ అక్కడ తెరిచే ఉంది. ఆమె దాన్ని చూసి, నన్ను చూసి, "అయ్యో, అదా!" అని నవ్వేసింది. చెడ్డ నవ్వు కాదు. అదే ఇంకా నొప్పి.

"ఆ డబ్బాలో రెండు లైన్లు పట్టాలండీ. ఎక్కడ మొదలయ్యారు, ఎక్కడికి చేరారు అని. మీకు మొదటి లైనుంది, రెండోది లేదు. ఖాళీగా ఉంటే బాగోదని డిజైనర్ నమూనాగా ఏదో రాసినట్టున్నాడు. మేమూ చూసుకోలేదు."

పంతొమ్మిదేళ్ళ చాకిరీకి నాకు దక్కింది నమూనా లైను.

"అయితే తీసేయండి," అన్నాను.

"తీసేద్దామనే అనుకున్నాం. కానీ ఇది చూడండి." ఆమె తెరను నావైపు తిప్పింది. "ఇదివరకు నెలకి తొమ్మిది అప్లికేషన్లు వచ్చేవి. ఇప్పుడు పది రోజుల్లో రెండొందల పది. అందరూ మీ పేజీ దగ్గరే ఎక్కువసేపు ఆగుతున్నారు. మీ ముఖం చూస్తే నమ్మకం కలుగుతోంది. కొన్నాళ్ళు ఉండనివ్వండి, ప్లీజ్."

"అలాగైతే దాన్ని నిజం చేసేయండి మేడమ్."

ఆమె కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "అది నా చేతిలో లేదండీ. ఆ పోస్టు ఎలాగూ భర్తీ చేస్తున్నాం. మీరూ అప్లై చేయండి, అందరితోపాటే. ఇంటిమనిషని మీకు మినహాయింపు ఇస్తే బాగోదు కదా," అంది.

బయటికొచ్చి బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, పోస్టు రానందుకు కాదు నా ఏడుపు. ఆ పేజీ ఎంతమంది చుట్టాల ఫోన్లలో ఉందో లెక్కపెట్టుకుని ఏడ్చాను.

ఆయనకు మాత్రం ఆ సాయంత్రమే చెప్పేశాను. ఆయన ఎవరినో ఒక బూతు తిట్టి, "సరే, అప్లై చేద్దాం. నీకంటే ఎవరికి వస్తుంది?" అన్నాడు. ఇద్దరం మంచం మీద ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. అప్లికేషను ఎక్కడుందో తెలుసా? నా పేజీలోనే. పైన నా ముఖం, నా మాటలు, "నేడు తనిఖీ విభాగాధిపతి", దాని కింద "మీరూ ఈమెలా ఎదగాలనుకుంటున్నారా?" అని ఒక బటను. నేను నాలా ఎదగాలనుకుంటున్నానని ఆ బటను నొక్కాను.

పేరు నింపాను. అనుభవం దగ్గర పంతొమ్మిది అని నింపాను. చదువు దగ్గర ఎర్ర చుక్క ఉంది, అది నింపకపోతే ముందుకు పోదు. నొక్కితే మూడే ఉన్నాయి: డిగ్రీ, పీజీ, ఆపైన. నేను పదో తరగతి. వెనక్కెళ్ళి మళ్ళీ వచ్చాను, ఫోను ఆపి మళ్ళీ పెట్టాను. మూడే ఉన్నాయి.

"డిగ్రీ అని నొక్కేయ్," అన్నాడాయన. "వాళ్ళు నిన్ను అధిపతి అని రాసుకున్నప్పుడు నువ్వు డిగ్రీ అని రాసుకుంటే ఏం తప్పు?"

లాజిక్కు బాగానే ఉంది. నాకే చెయ్యి రాలేదు. పదమూడేళ్ళలో తెలిసి తెలిసి ఒక్క చెడ్డ లెన్సును నేను దాటనివ్వలేదు. సరుకు తక్కువై, కంపెనీ నడిపే పెద్దసారు నెత్తిన నిలబడి అరిచినప్పుడు కూడా. నాకున్న గర్వమంతా అదొక్కటే. దాన్ని ఒక ఎర్ర చుక్క కోసం పారేసుకోవడం ఇష్టం లేకపోయింది. ఆ రోజుకి ఇష్టం లేకపోయింది.

మర్నాడు పిలకబాబుకి ఫోన్ చేశాను. అతను పాపం ఆ పక్క నుంచి నానా యాతన పడ్డాడు.

"ఆ లిస్టు వాళ్ళిచ్చిందేనమ్మా. మీరు చెబితే పదో తరగతి అని ఒక లైను ఇప్పుడే కలిపేస్తాను. కానీ అది నొక్కినవాళ్ళ అప్లికేషను వాళ్ళకి కనపడకుండానే పక్కకి పోతుంది. అలా పెట్టమన్నదీ వాళ్ళే."

"పోనీలే బాబూ. నమూనాగానైనా నన్ను అధిపతిని చేశావు, అదే పదివేలు."

"నమూనా ఏంటమ్మా?" అతని గొంతు మారిపోయింది. "నమూనా అని చెప్పారా వాళ్ళు? నేను చూసిందే రాశాను. మూడు రోజులు ఆ గదిలో కూర్చున్నా. ఏ లెన్సు దగ్గర అనుమానమొచ్చినా అందరూ మీ దగ్గరికే వస్తున్నారు, రిపోర్టు మీరే రాస్తున్నారు. మీరే హెడ్ అనుకున్నా. ఇంకెవరు హెడ్ అని అడగాలని కూడా తోచలేదు నాకు."

బయటి మనిషికి మూడు రోజుల్లో కనపడింది లోపలివాళ్ళకు ఏడాదిన్నరగా కనపడలేదు.

ఆఖరి ప్రయత్నంగా పెద్దసారు దగ్గరికి కూడా వెళ్ళాను. అడగనిదే అమ్మయినా పెట్టదంటారని అడిగాను. ఆయన లేచి నిలబడి, "మనదంతా ఒక కుటుంబం అమ్మా, నీకు తెలియందేముంది," అన్నాడు. కుటుంబంలో పెద్దకోడలి సంగతి నాకు బాగా తెలుసు. పొయ్యి ఆవిడది, పొగ ఆవిడది, తాళాలగుత్తి మాత్రం ఇంకొకరి నడుముకి ఉంటుంది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

రెండు నెలలకు కొత్త మేడమ్ వచ్చింది. ముప్పై ఒక్కేళ్ళు, లెన్సుల మీదే పెద్ద చదువు చదివింది, మాకంటే పెద్ద కంపెనీలో నాలుగేళ్ళు చేసింది. మూడేళ్ళ కూతుర్ని, వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చి దగ్గర్లో ఇల్లు తీసుకుంది. మొదటిరోజు గదిలో అడుగుపెడుతూనే తన బల్ల వైపు పోకుండా తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"మీరే కదా! మీ పేజీ చదివే వచ్చానక్కా. ఆ వెలుగు తడబడుతుందన్నారే, అది నాలుగుసార్లు చదివాను. నాకు ఎవరూ అలా నేర్పలేదు."

ఆమెను ద్వేషించాలని గట్టిగానే ప్రయత్నించాను. కుదిరితేనా! మూడో రోజుకే నా పక్కన స్టూలు వేసుకుని, వేళ్ళు ఎలా పెట్టాలో చూపించమంది. చూపించాను. పట్టుబట్టి నేర్చుకుంది. నా తప్పు ఆమె దిద్దినప్పుడు గొంతు తగ్గించి దిద్దింది, ఆమె తప్పు నేను దిద్దినప్పుడు అందరి ముందూ థాంక్సు చెప్పింది. ఇలాంటి మనిషి కింద పనిచేయడం ఎంత సుఖమో, అంత మంట కూడా.

ఒకరోజు టీ తాగుతూ అడిగింది. "మీరే వద్దన్నారట కదక్కా ఈ పోస్టు? ఇంటి బాధ్యతలు ఎక్కువై మీరే వదిలేసుకున్నారని హెచ్చార్ మేడమ్ చెప్పారు."

ఒక్క క్షణంలో మొత్తం చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఇవ్వలేదు అనడం కంటే వద్దన్నాను అనడం వినడానికి బాగుంది. "అవును," అన్నాను. ఆ రాత్రి మా ఆయన కూడా వదినకు ఫోన్లో అదే చెప్పుకున్నాడు. వద్దందక్కా, ఇల్లు ఎవరు చూస్తారని. అత్తగారు అవతలి గదిలోంచి దగ్గింది.

మరో నెల గడిచింది. హెచ్చార్ మేడమ్ నన్ను పిలిపించింది. ఈసారి కుర్చీతోపాటు టీ కూడా ఇచ్చింది, అప్పుడే అనుమానమొచ్చింది.

"కొత్త మేడమ్ ఊగిసలాడుతున్నారండీ. పాత కంపెనీవాళ్ళు మళ్ళీ పిలుస్తున్నారట. శుక్రవారంలోగా చెప్పాలట. ఈవిడ వెళ్ళిపోతే పెద్దసారు నా మీద పడతారు. మీరంటే ఆవిడకు గురి. ఒక్క మాట చెప్పి చూడండి."

"నేనేం చెప్పాలి మేడమ్?"

"మంచిమాటే చెప్పండి. ఆవిడ ఆర్నెల్లు దాటారంటే మీకు సీనియర్ గ్రేడు కాగితం నేనే దగ్గరుండి సంతకం చేయిస్తాను."

ఆ కాగితం ఇప్పటికీ రాలేదు. ముందే చెప్పేస్తున్నాను, మీరు ఎదురుచూడకండి. కానీ ఆ పూట నేను ఎదురుచూశాను. అన్నీ తెలిసి, ఇంత జరిగాక, మళ్ళీ ఒక నోటిమాటకి నా గుండె లేచింది. సీనియర్ అన్న ఆ ఒక్క మాట ఉంటే చాలు, ఆ పేజీ పూర్తిగా అబద్ధం కాదు, వదిన ముందు తలెత్తుకోవచ్చు అనిపించింది. ఆశకి సిగ్గుండదంటారు, నాకూ లేకపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కొత్త మేడమ్ నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది. ఫోను చేతిలోనే ఉంది.

"అక్కా, మిమ్మల్ని ఒకటి అడగాలి. పాత కంపెనీవాళ్ళు జీతం పెంచి రమ్మంటున్నారు, కాగితం మీద రాసిచ్చారు. ఇక్కడేమో రెండేళ్ళలో యూనిట్ మేనేజర్ని చేస్తామంటున్నారు. కాగితం అడిగితే, మనలో మనకి కాగితాలెందుకు అన్నారు. మా అమ్మ వెళ్ళిపోదామంటోంది. నాకేమో ఇక్కడి పని నచ్చింది. ఈ సాయంత్రంతో వాళ్ళ గడువు అయిపోతుంది." ఆమె నా ముఖంలోకి చూసింది. "మీరు పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నారు కదా. ఇక్కడ నోటిమాట నమ్మొచ్చా?"

లోకంలో ఇంకే ప్రశ్నయినా అడిగి ఉండాల్సింది. దీనికి జవాబు నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

వద్దు, పొండి అనాలి. మీ అమ్మగారి మాట వినండి, కాగితం ఉన్నచోటికి పొండి అనాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. అంతలో ఆమె వెళ్ళిపోతే ఏమవుతుందో కళ్ళముందు మెదిలింది. మళ్ళీ అన్ని ట్రేలూ నేనే, అన్ని తిట్లూ నేనే, ఇంకో మనిషి దొరికేదాకా "తరఫున". సీనియర్ కాగితం గాలికి పోతుంది. ఇంకో పక్క ఇంకో ఆలోచన, దాన్ని చెప్పడానికి సిగ్గేస్తోంది: నాకు జరిగింది ఇంకొకరికి జరిగితే ఏం, అంత పెద్ద చదువు చదివినామెకు కూడా జరిగితే ఏం అని.

"నమ్మొచ్చు," అన్నాను. "కాస్త ఆలస్యమవుతుందేమో కానీ మాట తప్పరు. నన్ను చూడండి."

నన్ను చూడండి అని కూడా అన్నాను. ఎవరూ రాసివ్వలేదు ఆ మాట, నేనే అన్నాను.

ఆమె భుజాలు దిగాయి. నా చెయ్యి పట్టుకుని, "మీరు చెప్పారు కాబట్టి ఉంటున్నానక్కా," అంది. అక్కడే, నా ముందే నంబరు నొక్కి ఫోను చెవికి పెట్టుకుంది. అటువైపు మోగుతోంది, నాకూ వినపడుతోంది. ఆ మోగుతున్నంతసేపూ నాకు టైముంది. ఆ ఫోను లాక్కోవచ్చు. ఆగండి మేడమ్, వాళ్ళు నన్ను అధిపతిని చేయలేదు, నేను వద్దనలేదు, ఈ కంపెనీ నోటిమాట అంటే నేనే అని ఒక్క ఊపిరిలో చెప్పేయొచ్చు. ఆ పేజీలో అబద్ధం నేను రాసింది కాదు, నేను అడిగింది కాదు అన్న ఊరట ఇన్నాళ్ళూ నాకుండేది. ఇక అదీ లేదు.

అవతల ఎవరో ఎత్తారు.

"సార్, సారీ సార్. నేను రాలేనండీ. ఇక్కడే ఉండిపోతున్నాను," అంది కొత్త మేడమ్. వాళ్ళేదో గట్టిగా అడుగుతున్నారు కాబోలు, మాట తడబడి, ధైర్యం కోసం నావైపు చూసింది.

నేను నవ్వుతూ తలూపాను.